బసవన్న తలూపితే చట్టమే

వాగు ఎండి ఇసుక తేలిన ఆ వేసవిలో జంతువులన్నిటికీ ఒకే ఒక్క చెలమ మిగిలింది. చెలమంటే ఇసుకలో తవ్వుకున్న నీటిగుంట. సీసా నీళ్ళు తాగే ఈ కాలం పిల్లలకు ఆ నీళ్ళ తీపి ఎలా చెప్పను? సరే, అది వేరే సంగతి. గుంటలో ఊట తక్కువ, దించే మూతులు ఎక్కువ. రోజూ తోపులాటే, చివరికి మిగిలేది బురదే.

"ఏదో ఒక నియమం పెట్టుకోకపోతే ఎవరికీ చుక్క దక్కదు," అంది మేక. దాని పిల్లలు రెండూ పొద్దుటి నుంచీ నాలుక తడుపుకోలేదు.

"నియమానికి పెద్దదిక్కు ఉండాలి వదినా," అంది నక్క. "బసవన్న తాత ఉన్నాడుగా! ఆయన ఔనంటే ఔను."

అందరూ సరేనన్నారు.

బసవన్న ముసలి గంగిరెద్దు. వయసైపోయిందని ఆడించేవాడు వదిలేస్తే వాగొడ్డుకు చేరింది. మా చిన్నతనంలో సన్నాయి వినపడితే చాలు, పలకలు పడేసి వీధిలోకి పరిగెత్తేవాళ్ళం. "అమ్మగారు పాతచీర ఇస్తారా బసవన్నా?" అని అడిగేవాడు ఆడించే అతను. ఎద్దు తల ఊపేది. మా బామ్మ ఇవ్వనని ఎంత మొత్తుకున్నా, ఎద్దు ఊపేసింది కనక ఇవ్వక తప్పేది కాదు. ఆ కిటుకు మా బామ్మకు తెలియలేదు గానీ నక్కకు తెలుసు.

అది గొంతు సవరించుకుంది. "రోజూ మొదట నక్క తాగాలి. దాని కడుపు నిండాకే మిగతావాళ్ళు. అంతేనా బసవన్నా?"

బసవన్న తల ఊపింది.

"నక్క స్నానం కూడా అందులోనే చెయ్యొచ్చా బసవన్నా?"

మెడగంట గణగణలాడింది.

"అయిపోయింది! ఇక ఇదే చట్టం!"

"అదేంటి బావా, మమ్మల్ని అడగవా?" అంది గాడిద.

"పెద్దాయన్ను ఒప్పుకుంది మీరే కదా గాడిదన్నా! ఇప్పుడు మాట మారుస్తావా?"

గాడిద చెవులు వాల్చి పక్కకు తప్పుకుంది.

మూడు రోజులు నక్క తాగింది, ఈదింది, ఒళ్ళు విదిలించుకుంది. మేకపిల్లలు తడి ఇసుక నాకాయి. మూడో రోజు సాయంత్రానికి చిన్నది లేచి నిలబడలేకపోయింది. మేక తిన్నగా బసవన్న దగ్గరికి వెళ్ళి చెవి పక్కనే గట్టిగా అరిచింది.

"తాతా, తెలిసే తల ఊపావా?"

"ఏమడిగిందో నాకు వినపడితేగా తల్లీ! గట్టిగా చెబితే తప్ప వినపడదు. చివర్లో నా పేరొక్కటీ చెవిన పడుతుంది, మెడ దానంతటదే ఊగుతుంది. పదిహేనేళ్ళ అలవాటు."

మర్నాడు తెల్లవారగానే మేక అందరినీ పిలిచింది. "మరో చట్టం. తాగేముందు చెలమలో పూడిన ఇసుకంతా నక్క ఒక్కటే తోడాలి. అంతేనా బసవన్నా?"

తల ఊగింది.

"ఒడ్డంతా తోకతో ఊడవాలా బసవన్నా?"

ఈసారి ఇంకా జోరుగా ఊగింది.

"ఆగండాగండి!" నక్క ఎగిరిపడింది. "ఆయనకు ప్రశ్నే వినపడదు! పేరు పిలిస్తే ఊపుతాడు! అదీ ఒక ఒప్పుకోలేనా?"

గాడిద తీరిగ్గా చెవులు నిక్కించింది. "అయితే మొన్నటిదీ ఒప్పుకోలు కాదన్నమాటేగా బావా?"

నక్క తోక ముడిచి వెనక్కి జరిగింది.

"ఇక ఎవరి కాళ్ళతో వాళ్ళే చెబుదాం," అంది మేక. "పసివాళ్ళూ ముసలివాళ్ళూ ముందు, ఆపైన వచ్చిన వరుసలో. ఔనన్నవాళ్ళు కుడి ఒడ్డుకు, కాదన్నవాళ్ళు ఎడమ ఒడ్డుకు!"

గాడిద ఆ మాటే బసవన్న చెవిలో రెండుసార్లు ఓండ్ర పెట్టింది. బసవన్న ఈసారి తల ఊపలేదు. కాసేపు ఆలోచించి, మెల్లగా కుడి ఒడ్డుకు నడిచింది. ఎడమ ఒడ్డున నక్క ఒక్కటే మిగిలింది.

మేకపిల్లలు మూతులు ముంచి గుటగుటా తాగాయి. చిన్నది లేచి నిలబడి తుమ్మింది.

"నేను ఓడిపోయాగా వదినా," అంది నక్క నీరసంగా. "ఇక నాకు నీళ్ళు లేనట్టేనా?"

"ఓడినవాళ్ళకు దాహం వెయ్యదా ఏంటి? వెళ్ళి గాడిదన్న వెనక నిలబడు."

నక్క నిలబడింది. గాడిద ఈగల్ని తోలుకుంటూ తోక విసిరినప్పుడల్లా దాని మూతి మీద తగిలేది. వరుస తప్పే వీల్లేదు, పక్కకు జరిగే వీల్లేదు.

నీతి: అందరూ పాటించాల్సిన నియమానికి అందరూ విని ఔననాలి, ఒకరు తల ఊపితే చాలదు.