తప్పిన పూటలు

“వచ్చే నెల మొదటి సోమవారం నుంచి షుగరు మాత్రల కోసం మీలో ఒక్కరు కూడా బస్సెక్కే పని లేదు. మాత్రలే మీ ఊరికొస్తాయి. ఇది నేను ఇస్తున్న మాట.”

గుండ్లమిట్ట దర్గా వసారాలో నిలబడి, మెడలో బంతిపూల దండతో, ఆరోగ్యశాఖ అధికారి అన్న మాటలివి. ఊరంతా చప్పట్లు కొట్టింది. ఆయన జీపు దుమ్ము అణిగేలోపే మాట కూడా అణిగిపోయింది. మూడు మొదటి సోమవారాలు వచ్చి వెళ్లాయి. మాత్రలు మాత్రం ఎప్పటిలాగే బస్సులోనే వచ్చాయి. షాషావలి సంచిలో వచ్చాయి.

షాషావలి వయసు ఇరవై నాలుగు. డిగ్రీ ఆఖరి ఏడాది పరీక్షలు వదిలేసి, సత్యం వెతుక్కోవాలని దర్గాకు వచ్చినవాడు. దర్గా చూసుకునే పీరాసామి ముందు కూర్చుని, లోకంలో అన్యాయం ఎక్కణ్ణుంచి పుడుతుందో, దాన్ని ఎలా కూల్చాలో గంటసేపు చెప్పాడు. సామి అంతా విని, అతని భుజానికున్న పుస్తకాల సంచి వైపు చూశాడు.

“వెతకడం అయిపోయినాక వచ్చినట్టుండావే” అన్నాడు.

ఆ తర్వాత రెండు పనులు అప్పజెప్పాడు. పొద్దున్నే దర్గా ముంగిలి ఊడవడం ఒకటి. ఊళ్లో షుగరున్న ముప్పై ఒక్క మందిని చూసుకోవడం రెండోది.

ఈ రెండో పనిలో షాషావలికి సత్యం దొరికినట్టే అనిపించింది. నెలనెలా అందరి చీటీలూ పట్టుకుని పట్నం పెద్దాసుపత్రిలో వరసలో నిలబడేవాడు. మాత్రలు తెచ్చి ఇల్లిల్లూ తిరిగి పంచేవాడు. నెలలో రెండో గురువారం నర్సు ఎలీసమ్మ వచ్చి, వసారాలో అందరి వేలికీ సూది గుచ్చి షుగరు చూసేది. అప్పుడు షాషావలి పుస్తకం తెరిచి, నిలబడి, ఒక్కొక్క పేరూ పిలిచేవాడు.

“మాత్రలు రోజూ ఏసుకుంటాండావా, లేదా?”

“ఏసుకుంటాండా అబ్బీ.”

టిక్కు పెట్టేవాడు. పుస్తకం నిండా టిక్కులే. చివర్లో నాలుగు మాటలు కూడా చెప్పేవాడు. మందు భిక్ష కాదు, హక్కు. హక్కును చేజార్చుకున్నవాడు పోరాటానికి ద్రోహి.

“ఆ ద్రోహిని తిన్నాక ఏసుకోవల్నా, తినకముందా?” అని వెనకనుంచి ముసలి ఖాసింసా అడిగితే అందరూ నవ్వారు. షాషావలి నవ్వలేదు.

అధికారికి అప్పటికే నాలుగు ఉత్తరాలు రాశాడు. ఒక్కోటి నాలుగు పేజీలు. ఒక్కదానికీ జవాబు లేదు. వాళ్లు మాట తప్పినా మేం తప్పలేదని ఆ పుస్తకం చూసుకుని తృప్తిపడేవాడు.

జనవరి నెల. మిరపకోతలు మొదలయ్యాయి. ఎలీసమ్మ రావడానికి ముందురోజు, బుధవారం పొద్దున, గుర్తుచేయడానికి ఇల్లిల్లూ తిరుగుతూ షాషావలి మాబున్ని గుడిసె దగ్గరికి వచ్చాడు. మాబున్నికి యాభై దాటాయి. భర్త పోయి చాన్నాళ్లయింది. కోతల కాలంలో పొద్దున్నే చేన్లో ఉండే మనిషి. అలాంటిది గడపలో కాలు చాపుకుని కూర్చుని ఉంది. కుడికాలి బొటనవేలి కింద గుడ్డకట్టు.

“ఏందత్తా అది?”

“చెప్పు కరిసింది లే అబ్బీ. మానుతాది.”

“విప్పు చూద్దాం.”

విప్పింది. పుండు అంచు నల్లబడి ఉంది. అది చూస్తూనే షాషావలికి నోరు ఎండిపోయింది. పోయిన ఏడు పక్కవీధి నడిపెన్నకు ఇలాంటి పుండే లేచి, కాలు మోకాలిదాకా తీసేశారు.

“నీళ్లియ్యత్తా” అన్నాడు.

“లేయలేను. లోపల కుండలో ఉండాయి, ముంచుకో.”

గూట్లో ఉన్న గ్లాసు తీశాడు. దాని వెనకాల, రబ్బరుబ్యాండు చుట్టిన మాత్రల అట్టల కట్ట కనిపించింది. తను తెచ్చినవే. నాలుగు నెలలవి. నెలకు నాలుగో ఐదో మాత్రలు తీసి ఉన్నాయి. తక్కినవన్నీ అలాగే ఉన్నాయి.

నీళ్లు తాగడం మరిచిపోయాడు.

“ఏందత్తా ఇది?”

మాబున్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“నెలనెలా ఏసుకుంటాండా, ఏసుకుంటాండా అంటివే. అంతా అబద్ధమేనా?”

“అబద్ధమే అబ్బీ.”

ఆమె ఒప్పుకోవడంతో అతనికి కోపం ఇంకా పెరిగింది. ఎవరి కోసం బస్సులో నిలబడి తెస్తున్నాడో, ఎవరి కోసం ఉత్తరాలు రాస్తున్నాడో, వీధంతా వినబడేలా అడిగాడు. ఆమె తలెత్తలేదు. ఆ కట్ట పట్టుకుని దర్గాకు వచ్చేశాడు.

పీరాసామి వసారాలో బొంత కుట్టుకుంటున్నాడు. తాతల నాటి పని దూది ఏకడం. ఆ పని పోయినా సూది మాత్రం చేతిలోంచి పోలేదు. షాషావలి మాత్రల కట్టను బొంత మీద పడేశాడు.

“సామీ, ఇంక నావల్ల కాదు. పైనోళ్లు మోసం చేస్తే పోరాడొచ్చు. కిందోళ్లే మోసం చేస్తే ఎవరిమింద పోరాడేది?”

“ఎవురివి ఇవి?”

“మాబున్నత్తవి. కాలికి పుండు లేసింది. అంచు నల్లబడింది. వేలు పోతుందో, కాలే పోతుందో. మాత్రలు చూస్తే గూట్లో దాచిపెట్టింది.”

సామి సూది పక్కన పెట్టాడు. “నువ్వేమడిగినావు?”

“ఎందుకు అబద్ధం చెప్పినావని అడిగినా.”

“ఇంకా?”

షాషావలి ఇంకేమీ అడగలేదు కదా.

“సూదిలో ఈ దారం ఎక్కీ. నా కండ్లకు ఆనడం ల్యా” అన్నాడు సామి. షాషావలి కోపంలోనే నాలుగోసారికి ఎక్కించాడు. సామి సూది అందుకుని కుట్టు మొదలుపెట్టాడు. “రేపు బేస్తవారం గదా. రేపటిదాకా ఉండు. పోయేదుంటే ఎల్లుండి పో.”

గురువారం పొద్దున అందరూ వచ్చారు. మాబున్నిని ఖాసింసా మనవరాలు చేయి పట్టుకుని తీసుకొచ్చి స్తంభం పక్కన కూర్చోబెట్టింది. ఎలీసమ్మ మొట్టమొదట ఆ కాలు చూసింది. గుడ్డ మార్చి కట్టింది.

“ఎల్లుండి ఆసుపత్రిలో డాక్టరమ్మకు చూపిద్దాం. షుగరు దిగితే వేలు నిలబడుతుంది. దిగకపోతే నేను చెప్పలేను” అంది మెల్లగా.

షాషావలి పుస్తకం తెరిచి నిలబడ్డాడు. ఇంతలో పీరాసామి లోపల్నుంచి వచ్చాడు. ఎప్పుడూ కూర్చునే మంచం మీద కూర్చోలేదు. చాపమీదికి దిగి, వరసలో అందరి పక్కనా కూర్చుని, ఎలీసమ్మ ముందు వేలు చాపాడు.

సామికీ షుగరుంది. పుస్తకంలో మొదటి పేరు ఆయనదే. ఆ పేరు మాత్రం షాషావలి ఏనాడూ పిలవలేదు. అడగకుండానే టిక్కు పెట్టేవాడు.

ఎలీసమ్మ మిషను చూసి, సామి మొహం చూసింది. “రెండు వందల తొంభై.”

వసారాలో గుసగుసలు లేచాయి. సామి జోలెలోంచి తన మాత్రల అట్టలు తీసి చాపమీద పరిచాడు.

“షాషా, ఎన్ని మిగిలినాయో లెక్కపెట్టు.”

షాషావలి వంగి లెక్కపెట్టాడు. నిలబడి లెక్కపెట్టడం కుదరక మోకాళ్లమీద కూర్చున్నాడు. “ఈ నెలవి తొమ్మిది మిగిలినాయి సామీ.”

“తొమ్మిది పూటలు తప్పినా” అన్నాడు సామి. అందరికీ వినబడేలా, తప్పిపోయిన మేకల గురించి చెబుతున్నట్టు చెప్పాడు. “మూడు పూటలు మరిచిపోయినా. రెండు పూటలు సంతకు పోతా అట్టలు ఇంట్లో పెట్టిపోయినా. నాలుగు పూటలు, దర్గాకు మొక్కి చదివింపులకు తెచ్చిన చక్కెర నోట్లో ఏసుకున్నా. చక్కెర తిని మళ్లీ మాత్ర ఏసుకోవల్లంటే సిగ్గయింది.”

ఖాసింసా చాపమీద ముందుకు జరిగాడు.

“సామీ, తొమ్మిదికే సిగ్గుపడితే నేను ఊరే ఇడిసి పోవల్ల.”

“ఎన్ని?”

“ఇరవై దాటుంటాయి. తల తిరిగిన రోజే ఏసుకుంటా. తిరగని రోజు దండగెందుకని.”

నవ్వులు లేచాయి. ఆ నవ్వుల్లోంచే ఒకామె అంది, మొగుడికీ షుగరున్నట్టుంది, ఆసుపత్రికి రమ్మంటే రాడు, అందుకే తనవి సగం ఆయనకు పెడుతోందట. ఇంకొకాయన శనివారం ఒక్కపొద్దు కాబట్టి ఆ రోజు ముట్టడట. ఒకరి తర్వాత ఒకరు లేచి ఇళ్లకు పోయి అట్టలు తెచ్చారు. ఒక్కరూ తల దించుకోలేదు. ఎవరివి ఎక్కువ మిగిలాయో పందెం వేసుకుంటున్నట్టుంది. మధ్యాహ్నానికి చాప నిండిపోయింది. షాషావలి లెక్కపెట్టి రాస్తున్నాడు. ఇన్నాళ్లూ టిక్కులు పెట్టిన గడుల్లోనే ఇప్పుడు అంకెలు రాస్తున్నాడు. అవి రాస్తుంటే ఎందుకో చేయి తేలికపడింది.

సామి మాబున్ని వైపు చూడలేదు. ఏమీ అడగలేదు.

అందరూ సద్దుమణిగాక ఆమే ఎలీసమ్మ చెవి దగ్గరికి వంగింది. పక్కనే కూర్చున్న షాషావలికీ వినబడింది.

“అది ఏసుకుంటే కడుపు ఆగదు తల్లీ. రాత్రి ఏసుకున్నా, తెల్లారి చేన్లోకి పోయినాక మొదలవుతాది. మిరప చెట్టు మోకాలెత్తు. చుట్టూ మొగోళ్లు. మేస్త్రీ మొగోడే. యాడికి పోవల్ల?”

“మరి పోయిన నెల షుగరు బాగానే వచ్చిందే” అంది ఎలీసమ్మ.

“నువ్వొచ్చే ముందు రెండ్రోజులు కూలికి పోను. మాత్రలు ఏసుకుని, కూడు తినకుండా పండుకుంటా.”

“అట్లా ఎందుకు చేసినావమ్మా?”

మాబున్ని షాషావలి ఉన్న వైపు తల తిప్పకుండానే వేలు చూపించింది.

“ఆ అబ్బి అంత దూరం నిలబడుకోని పోయి తెస్తాండాడు. ఏసుకోలేదంటే బాధపడతాడు గదా.”

షాషావలి పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీశాడు.

ఎలీసమ్మ మాబున్ని మోకాలిమీద చేయి వేసింది. “మెల్లగా కరిగే మాత్ర ఉంటుంది. రాత్రి అన్నం తిన్నాక ఒక్కటే. చాలామందికి కడుపు కదలదు. డాక్టరమ్మతో మార్పిస్తా. పుండు మానేదాకా సూది కూడా వేస్తారేమో, ఆ నాలుగు రోజులు కూలికి పోవద్దు.”

“దీనికి ఇంకో మాత్ర ఉందా?” అంది మాబున్ని. ఇంకో మాత్ర ఉందని తెలియకపోవడమే కాదు, మాత్రను మార్చమని అడగొచ్చని కూడా ఆమెకు తెలియదు.

శనివారం ఆమెను పట్నం తీసుకుపోయింది షాషావలే. దారిలో ఉపన్యాసం ఇవ్వలేదు. డాక్టరమ్మ పుండు శుభ్రం చేసింది, సూది రాసింది, మాత్ర మార్చింది. మూడు రోజులకొకసారి కట్టు మార్చడానికి ఎలీసమ్మ వచ్చినప్పుడల్లా అతను గుడిసె బయట నిలబడి ఎదురుచూసేవాడు. నాలుగోసారి ఆమె బయటికి వస్తూ తల ఊపింది. నలుపు ఆగింది. ఇంకో రెండు వారాలకు అంచున లేత గులాబీ రంగు చర్మం కనిపించింది.

ఫిబ్రవరి రెండో గురువారం మాబున్ని తనంతట తానే నడిచొచ్చింది. ఐదు వేళ్లతోనూ వచ్చింది. చెప్పులు మాత్రం కొత్తవి. ఎలీసమ్మ మిషను చూసి, “నూట డెబ్బై. తిని వచ్చినావా?” అని అడిగింది.

“రాగిసంగటి తిని వచ్చినా తల్లీ” అంది మాబున్ని, మెడల్ చూపిస్తున్నట్టు.

షాషావలి చాపమీద కూర్చున్నాడు. పుస్తకం ఒళ్లో ఉంది.

“ఎన్ని పూటలు తప్పినాయత్తా?”

“రెండు. కూతురొచ్చింది, మాటల్లో పడి మరిచిపోయినా.”

రెండు అని రాసుకున్నాడు.

అందరూ పోయాక సామి పక్కన చేరాడు. నెల రోజులుగా గొంతులో ఉన్న మాట అడిగాడు.

“సామీ, ఆ తొమ్మిది పూటలు మీరు నిజంగానే తప్పినారా? నన్ను దారికి తేవడానికి మిగిల్చినారా?”

సామి నవ్వాడు. “నీ పుస్తకంలో నన్ను ఎప్పుడైనా తప్పనిచ్చినావా?”

షాషావలి అక్కడే ఐదో ఉత్తరం రాశాడు. ఒక్క పేజీ. ముప్పై ఒక్క మంది దగ్గర ఒక్క నెలలో మిగిలిన మాత్రలు ఆరు వందల పద్దెనిమిది. ఎవరికి ఎందుకు మిగిలాయో వాళ్ల మాటల్లోనే, ఒక్కో వరుస. పాత మాత్రతో కడుపు ఆగని పదకొండు మందికి మెల్లగా కరిగే మాత్రలు కావాలి. వాటిని మా ఊరికే పంపండి. అంతే.

సామి చదివించుకుని విన్నాడు. “ఇందులో నీది ఒక్క మాటా ల్యాదే.”

“లేదు సామీ.”

“అయితే పంపు. జవాబు ఎప్పటికి ఇమ్మంటావు?”

అది షాషావలి రాయలేదు. దర్గా ముందు దారిన పోతున్న మాబున్నిని కేకేశాడు.

“అత్తా, ఇప్పుడుండే మాత్రలు ఎన్నాళ్లొస్తాయి?”

ఆమె అక్కడే ఆగి, ముప్పై మాత్రలు ఏ రోజు మొదలుపెట్టిందో గుర్తుచేసుకుని, వేళ్లమీద లెక్కవేసింది. ఉత్తరం అడుగున షాషావలి ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాడు.

మార్చి తొమ్మిదో తేదీ, రాత్రి అన్నం లోపల.