తిరిగి తట్టిన చిలుక

అనగా అనగా తూర్పుకొండల అవతల కీర్తిధరుడనే రాజు ఉండేవాడట. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయధరుడు, నడిమివాడు విజయధరుడు, చిన్నవాడు శ్రుతిధరుడు. పెద్దవాడు అరిస్తే ఏనుగులు ఆగేవి. నడిమివాడు నవ్వితే కోటగోడ మీది పావురాలు లేచిపోయేవి. చిన్నవాడికి మాట లేదు. పుట్టినప్పుడు ఏడవను కూడా లేదు.

మాట లేని ఆ పిల్లవాడు తలుపులు తట్టేవాడు. రెండు గబగబా, ఒకటి నిదానంగా. టకటక... టక్. తల్లి లోపలి నుంచి అలాగే తిరిగి తట్టేది. ఆ తర్వాతే తలుపు తీసేది. వాళ్ళిద్దరి ముచ్చట్లన్నీ అవే. అతనికి మీసాలు మొలవకముందే ఆ తల్లి కన్నుమూసింది. తర్వాత కూడా అతను తలుపులు తట్టాడు. తలుపులు తెరుచుకున్నాయి. "ఏం కావాలి చిన్నబాబూ?" అని అడిగారు. తిరిగి తట్టినవాళ్ళు లేరు.

నోరు లేనివాడికి చెవులు కూడా ఉండవని ఆ కోటలో అందరి నమ్మకం. అతనికి అన్నం వడ్డిస్తూనే, "ఈయన్ని ఎవరు చేసుకుంటారే?" అని వంటవాళ్ళు మాట్లాడుకునేవారు. చాలు అనలేడు కనుక అతను విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టేవాడు. విన్నది విన్నట్టు లోపల దాచుకునేవాడు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. పట్టం కట్టుకోబోయేవాడు కోటవాకిట నిలబడి తన పేరు తానే మూడుసార్లు ఎలుగెత్తి చెప్పాలి. ఊరు ఊరంతా "విన్నాం" అనాలి. అందుకని చిన్నవాడి సంగతి ఎవరూ తలపెట్టలేదు.

ఒకరోజు కొలువుకు ఒక బైరాగి వచ్చాడు. దండం పెట్టలేదు, పేరు చెప్పలేదు.

"ఎవడ్రా నువ్వు?" అని రాజు గద్దించాడు.

బైరాగి జోలెలోంచి ఒక శంఖం తీసి పట్టాడు. రాజు గొంతు అందులోకి జారిపోయింది. "మంచి గొంతు. దీవిలో ఇలాంటిది లేదు" అని శంఖానికి మైనం పూసి, గాలిలో మాయమయ్యాడు. వాడు గండభైరవుడనే మాంత్రికుడు. ఏడు సముద్రాల అవతల వాడి దీవి.

గొంతు లేని రాజు సింహాసనం చెక్కను గుద్దాడు. చేతులు తిప్పాడు. మంత్రులకు అర్థం కాలేదు. ఒకరు గొడుగు తెచ్చారు, ఒకరు వైద్యుణ్ణి తెచ్చారు. శ్రుతిధరుడు మంచినీళ్ళు తెచ్చాడు. రాజు గటగటా తాగి, కొడుకు ముఖం వంక చాలాసేపు చూశాడు.

"నాన్నగారి గొంతు నేను తెస్తా" అని జయధరుడు బయలుదేరాడు. రాలేదు. "అన్ననూ గొంతునూ నేను తెస్తా" అని విజయధరుడు బయలుదేరాడు. అతనూ రాలేదు. అప్పుడు శ్రుతిధరుడు తండ్రి కాళ్ళకు మొక్కి లేచాడు. రాజు ఏదో చెప్పబోయాడు. చెప్పలేకపోయాడు.

శ్రుతిధరుడు అడవిలో నడిచాడు. మనిషి జాడ లేదు. దిగులు పుట్టి ఒక ఎండుచెట్టును తట్టాడు. టకటక... టక్. తట్టి, అలవాటు ప్రకారం ముందుకు కదిలాడు.

"ఏమయ్యోయ్!" అని పైనుంచి కేక. చెట్టు మీద వడ్రంగిపిట్ట కూర్చుని ఉంది. "తట్టినవాడివి నిలబడవేం? బదులు వచ్చేదాకా ఆగాలని మీ ఇంట్లో ఎవరూ చెప్పలేదా?"

అని పిట్ట తిరిగి తట్టింది. టకటక... టక్. శ్రుతిధరుడు ఆ చెట్టు మొదట్లోనే కూర్చుండిపోయాడు. తల్లి పోయాక ఆ చప్పుడు బదులుగా వినడం అదే మొదలు. అతను ఇసుకలో అల గీశాడు. పిట్ట చూసి, "సముద్రానికా? సూర్యుడు వచ్చేవైపు పో. ఒడ్డున తాబేలు ఉంటుంది. వాగుడుకాయ. కానీ మంచిది" అంది.

తాబేలు నిజంగానే వాగుడుకాయ. "అబ్బాయ్, నా మాట వినేవాడు దొరికితే ఏడు సముద్రాలూ ఊరికే దాటిస్తా. చేపలకు ఓపిక లేదు, పీతలకు మర్యాద లేదు" అని అతన్ని వీపు మీద ఎక్కించుకుంది. ఉప్పు సముద్రంలో తన పెళ్ళి సంగతి చెప్పింది. పాల సముద్రంలో తన అత్తగారి సంగతి చెప్పింది. మిగతా సముద్రాలన్నిటికీ అత్తగారే సరిపోయింది. ఏడో సముద్రం చివర ఆగి గొంతు తగ్గించింది. "ఇంతవరకే నేను. ఆ ఒడ్డున మాట్లాడితే గొంతు ఊడలాక్కుంటాడు. మాట్లాడకుండా నేను బతకలేను నాయనా."

ఒడ్డున గండభైరవుడు శంఖం పట్టుకుని నిలబడి ఉన్నాడు. "పేరేమిటి?" అన్నాడు. అన్నలిద్దరూ అక్కడే పేరు చెప్పి గొంతులు పోగొట్టుకున్నారు. శ్రుతిధరుడు ఊరుకున్నాడు. మాంత్రికుడు అతని అరచేతిలో ముల్లు గుచ్చాడు. కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి గానీ చప్పుడు రాలేదు.

"పుట్టుమూగవా! నీలాంటివాడి కోసమేరా ఇన్నాళ్ళూ చూస్తున్నది. గొంతు పోగొట్టుకున్నవాళ్ళు నా మీద పగతో ఉంటారు, వాళ్ళను పైకి పంపలేను. ఆ మెట్లెక్కలేక నా మోకాళ్ళు అరిగిపోయాయి" అన్నాడు. మేడ మీది రాతిగది చూపించి, చిలుకకు మేత పెట్టమని సైగ చేశాడు.

దీవి నిండా మనుషులు. నీళ్ళు తోడేవారు, కట్టెలు కొట్టేవారు. ఒక్కరి నోటా మాట లేదు. అన్నలిద్దరూ బావి దగ్గర తమ్ముణ్ణి చూసి తలలు దించుకున్నారు.

ఇంతమందిని మూగవాళ్ళను చేశాక మాంత్రికుడికి మాట్లాడేందుకు మనిషి లేకుండా పోయాడు. సాయంత్రాలు శ్రుతిధరుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని గంజి తాగుతూ మాట్లాడేవాడు. నోరు లేనివాడికి చెవులు ఉండవని వాడూ నమ్మాడు. "నా ప్రాణం ఆ చిలుకలో ఉందిరా. పుట్టి ఇంతవరకు అది కూత పెట్టలేదు. ఒక్క చప్పుడు చేసిందా, దాని నోట్లోంచి నా ప్రాణం ఎగిరిపోతుంది. అందుకే దాని చెవిన ఏదీ పడనివ్వను. నేనూ అక్కడ నోరు విప్పను. విననిది ఎట్లా నేర్చుకుంటుంది?" అని నవ్వాడు. శ్రుతిధరుడు గంజి గిన్నె తీసి కడిగాడు.

మర్నాటి నుంచి పంజరం ముందు కూర్చుని నేల మీద తట్టాడు. టకటక... టక్. చిలుక రెక్కలో తల దూర్చుకుంది. మళ్ళీ తట్టాడు. అది జామకాయ తిని, మిగిలిన ముక్క అతని మీద వేసింది.

విసిగి గోడకు జారగిలబడి, ఊరికే గోడను తట్టాడు. గోడ అవతలి నుంచి బదులు వచ్చింది. టకటక... టక్.

రాతిసందులోంచి చూస్తే ఒక అమ్మాయి. సింధుమతి అనే రాకుమారి. పాట బాగుందని మాంత్రికుడు ఎత్తుకొచ్చి, గొంతు శంఖంలో దాచి, మనిషిని గదిలో పెట్టాడు. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరూ తట్టుకునేవారు. ఆకలైతే ఒక తీరు, వాన వస్తే ఒక తీరు. ఏమీ లేకపోతే టకటక... టక్. చిలుక సంగతే మరిచిపోయాడు. చిలుక మాత్రం రెక్కలోంచి తల తీసి, ఒకసారి ఇటు, ఒకసారి అటు చూసేది.

ఒకనాడు మాంత్రికుడు మెట్ల మీదికి వచ్చి ఆ చప్పుడు విన్నాడు. పళ్ళు కొరికాడు. నోరు మాత్రం విప్పలేదు. రాకుమారిని చెయ్యి పట్టి మెట్ల మీదుగా కిందికి ఈడ్చుకుపోయాడు. శ్రుతిధరుడు తలుపు మీద పడ్డాడు. బయట గడియ వేసి ఉంది.

అతను గోడను తట్టాడు. బదులు లేదు. మళ్ళీ తట్టాడు. లేదు. కోటలో అయితే ఇక వెళ్ళిపోయేవాడు. కానీ పిట్ట చెప్పిన మాట గుర్తొచ్చింది. మూడోసారి తట్టి, గోడకు చెవి ఆనించి, కదలకుండా నిలబడ్డాడు.

చిలుక గోడ వంక చూసింది. అతని వంక చూసింది. ఈ ముచ్చటలో తన వంతు వచ్చిందనుకుందో ఏమో, మెడ సాచి నోరు తెరిచింది.

"టకటక... టక్."

మెట్ల మీద మాంత్రికుడు ఖాళీ గోనెసంచిలా కుప్పకూలాడు. దీవిలో శంఖాలన్నీ పగిలాయి. గొంతులు ఎవరివి వాళ్ళకు చేరాయి. "నీవల్లే దొరికిపోయాం!" అని బావి దగ్గర అన్నలిద్దరూ పోట్లాట మొదలుపెట్టారు. సింధుమతి పరుగున వచ్చి గడియ తీసింది.

"నీ పేరేమిటి?" అంది.

శ్రుతిధరుడు గొంతు పట్టుకుని చూసుకున్నాడు. చాలాసేపు ఆగాడు. ఏమీ రాలేదు. పగిలిన శంఖాల్లో అతనిది లేదు. అతని దగ్గర ఎవరూ ఏమీ దొంగిలించలేదు. దీవి అంతా కేకలతో, పాటలతో దద్దరిల్లుతుంటే అతనొక్కడే తల వంచుకుని నిలబడ్డాడు.

సింధుమతికి గొంతు ఉంది. అయినా నోరు విప్పలేదు. గోడ మీద తట్టింది. అతను తిరిగి తట్టాడు.

అందరూ తాబేలు వీపెక్కి ఇల్లు చేరారు. అత్తగారి కథ మొదటినుంచీ వినక తప్పలేదు. గొంతు వచ్చిన రాజు అన్న మొదటి మాట, "శ్రుతీ, నువ్వు తట్టినప్పుడల్లా తలుపు తీయించాను నాయనా. తిరిగి తట్టాలని నాకు తోచలేదు."

పట్టాభిషేకం నాడు రాజు చిన్నకొడుకును కోటవాకిట నిలబెట్టాడు. ఊరంతా గుమ్మాల్లోకి వచ్చింది. శ్రుతిధరుడు పేరు చెప్పలేదు. కోటతలుపును మూడుసార్లు తట్టాడు. టకటక... టక్. టకటక... టక్. టకటక... టక్. అతను కదలలేదు, ఆగాడు.

ముందు రాజు తన చేతికర్రతో నేలను తట్టాడు. తర్వాత ఒక కుమ్మరి తన తలుపును తట్టాడు. తర్వాత వీధి వీధంతా, చివరికి ఊళ్ళోని ప్రతి తలుపూ మోగింది.

సింధుమతితో అతని పెళ్ళి జరిగింది. వాళ్ళు తలలు నెరిసేదాకా చల్లగా ఏలారు. ఆ కోటలో ఏ వేళ ఎవరు వచ్చి తలుపు తట్టినా లోపలి నుంచి ముందు తిరిగి తట్టేవారట. ఆ తర్వాతే తలుపు తీసేవారట. ఒక్కోసారి తట్టింది రాజో చిలుకో తెలిసేది కాదట.