గుబురమ్మ తొట్టిలో పాచి

అనగనగా ఒక అడవి. ఆ అడవి మొత్తంలో శుభ్రమైన ఇల్లు ఎవరిదని అడిగితే చీమ దగ్గర్నుంచి ఏనుగు దాకా అందరూ ఒకే పేరు చెప్పేవాళ్ళు. అది గుబురమ్మ ఇల్లు. గుబురమ్మ ఎవరంటే ఒక ఎలుగుబంటి. నవ్వకండి మరి! ఒంటినిండా చింపిరి జుట్టు ఉన్నంత మాత్రాన ఇల్లు కూడా చింపిరిగానే ఉండాలా ఏమిటి?

కోడి కూయకముందే లేచి ఆమె పాచిపని మొదలుపెట్టేది. గుహంతా ఊడ్చేది. ఎండిన అడవి బీరపీచు పట్టుకుని బండలన్నీ తోమేది. ఎవరైనా కాళ్ళు కడుక్కోకుండా లోపలికి వచ్చారో, ఇక వాళ్ళ పని అయిపోయినట్టే. 'పాచి' అన్న మాట వింటేనే గుబురమ్మకు ఒళ్ళు జలదరించేది. పాచి ముఖమైనా, పాచి నోరైనా, పాచి గిన్నె అయినా, ముందు కడుగు, తర్వాత మాట్లాడు అనేది.

ఒక వేసవిలో ఎండలు మండిపోయాయి. అడవిలోని వాగు ఎండి, ఒక్క మడుగు మాత్రం మిగిలింది. ఆ మడుగులో ఇరవైమూడు పరిగె చేపలు ఒకదాన్నొకటి రాసుకుంటూ తిరుగుతున్నాయి. ఒడ్డున ఒక కొంగ ఒంటికాలి మీద నిలబడి తాపీగా చూస్తోంది.

గుబురమ్మ నీళ్ళు తాగడానికి వెళ్ళేసరికి చేపల్లో పెద్దది వెండమ్మ తల బయటపెట్టింది.

"పెద్దమ్మా! ఈ నీళ్ళు ఇంకో ఇరవై రోజులు కూడా ఉండేలా లేవు. మృగశిర కార్తె వస్తే గానీ వాన పడదు. మా పిల్లలు ఏమైపోతారో తెలియడం లేదు" అంది.

గుబురమ్మ గుండె తరుక్కుపోయింది. "నేనుండగా మీకు భయమెందుకే? మా గుహలో పెద్ద రాతి తొట్టి ఉంది. దాన్ని నింపి మిమ్మల్నందరినీ మా ఇంటికి తీసుకెళ్తాను" అంది.

అనడం ఎంతసేపు? చేయడం దగ్గరే ఉంది కష్టమంతా. గుహ వెనక బండ సందులో సన్నటి ఊట ఉంది. గుబురమ్మ సొరబుర్రతో ఆ నీళ్ళు పట్టుకొచ్చి పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పోసింది. తొట్టి నిండింది. తెల్లారి చూస్తే చుక్క నీరు లేదు! తొట్టి అడుగున వెంట్రుకంత బీట ఉంది. గుబురమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. కానీ ఎలుగుబంటి ఇంట్లో మైనానికి కరువా? పాత తేనెపట్టు పిండి, మైనం తీసి, బీటలో కూరి, పైన జిగురుమట్టి మెత్తింది. మళ్ళీ నీళ్ళు మోసింది. ఈసారి నీళ్ళు నిలిచాయి.

మొదట ముగ్గురు వచ్చి చూస్తామన్నారు. వెండమ్మ, ఆమె చెల్లెలు, చెల్లెలి కూతురు బుడిపి. గుబురమ్మ వాళ్ళను సొరబుర్రలో పెట్టి జాగ్రత్తగా తెచ్చి వదిలింది. బుర్రకు అంటుకుని ఒక నత్త కూడా వచ్చింది. పేరు చుట్టయ్య. పిలవకపోయినా వచ్చినందుకు ఏమాత్రం మొహమాటపడకుండా తొట్టి గోడెక్కి కూర్చున్నాడు.

నాలుగో రోజు పొద్దున గుబురమ్మ తొట్టిలోకి చూసి కెవ్వుమంది. "అయ్యో! గోడకు పచ్చగా అదేమిటి?"

"పాచి పడుతోంది తల్లీ. మంచిదే, పట్టనియ్యి" అన్నాడు చుట్టయ్య.

"మంచిదా? నా ఇంట్లో పాచా? నువ్వు తినేది అదే కాబట్టి అలాగే అంటావులే తాతా!" అంది గుబురమ్మ. బీరపీచు తీసింది. గోడలన్నీ తోమి, పాత నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళు నింపింది. తొట్టి తళతళలాడింది. కానీ చేపలు మాత్రం కాస్త వాడిపోయినట్టు కనిపించాయి.

"శుభ్రం చాల్లేదు కాబోలు" అనుకుంది గుబురమ్మ. మర్నాడు మళ్ళీ తోమింది. మళ్ళీ నీళ్ళు మార్చింది. చేపలు ఒక పక్కకు ఒరిగి, నోళ్ళు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి.

"ఎంత తోమినా వీళ్ళకు నలతగానే ఉందే!" అని దిగులుపడి, ఆ మర్నాడు పెద్ద ఉపాయం ఆలోచించింది. ఎంత మురికైనా పోవాలంటే కుంకుడుకాయను మించినది ఏముంది? చారెడు కుంకుడుకాయలు కొట్టి, రసం పిసికి, "రండమ్మా, ఇవాళ మీ ముగ్గురికీ తలంటు!" అంటూ ప్రేమగా తొట్టిలో పోసింది.

బుస్సుమని నురగ వచ్చింది. నురగ కింద ముగ్గురూ వెల్లకిలా తేలారు.

"ఎత్తు! ఎత్తు! మడుగుకు పట్టుకెళ్ళు!" అని చుట్టయ్య అరిచాడు. నత్త జాతిలో అంత గట్టిగా అరిచినవాడు అంతకుముందు లేడు. గుబురమ్మ ముగ్గురినీ మంచి నీళ్ళున్న సొరబుర్రలో వేసుకుని, ముళ్ళూ రాళ్ళూ చూడకుండా పరుగెత్తింది. పిలవని చుట్టం మళ్ళీ బుర్రకు అంటుకునే ఉన్నాడు. మడుగులో వదిలింది. వెండమ్మ కదిలింది. చెల్లెలు కదిలింది. బుడిపి మాత్రం కదల్లేదు. గుబురమ్మ ఒడ్డున కూలబడి భోరుమంది. పిల్లలు లేని ఆ గుబురమ్మకు ఆ చిట్టిచేప ఆరు రోజుల్లోనే కన్నబిడ్డ అయిపోయింది. చాలాసేపటికి బుడిపి తోక చిన్నగా ఆడింది.

"బతికావా తల్లీ! నేను మీకోసం ఎంత చేశాను! ఎన్ని సార్లు తోమాను!" అంది గుబురమ్మ వెక్కుతూ.

చుట్టయ్య మెల్లగా అడిగాడు. "చేశావమ్మా, కాదనను. కానీ మీకేం కావాలని వాళ్ళను ఒక్కసారైనా అడిగావా?"

గుబురమ్మ ఏడుపు ఆపేసింది. నిజమే, ఆమె అడగలేదు. "వెండమ్మా, నువ్వే చెప్పు. మీకేం కావాలి?" అంది.

వెండమ్మ కాస్త ఇబ్బంది పడుతూ అంది. "కోప్పడకు పెద్దమ్మా. మాకు పాచి కావాలి. మీకది మురికి. మాకు అదే అన్నం, అదే నీడ. మా నీళ్ళను కడిగేది కూడా అదే. ఇక్కడి పాచి రాళ్ళు నాలుగు, గుప్పెడు బురద తీసుకెళ్ళి తొట్టిలో వెయ్యి. పది రోజులు దాని జోలికి వెళ్ళకు. అప్పుడు అందరం వస్తాం."

బురద! ఆ ఇంట్లోకి! అదీ గుబురమ్మ చేతులతో! ఒక క్షణం ఆమెకు కళ్ళు తిరిగాయి. అద్దంలా మెరిసే ఇల్లు ఒకవైపు, బిక్కుబిక్కుమంటున్న ఇరవైమూడు చేపలు ఒకవైపు. ఒడ్డున కొంగ ఇంకో అడుగు ముందుకు జరిగింది. గుబురమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని బురదలో చెయ్యి పెట్టింది.

ఇంటికి రాగానే కుంకుడు వాసన పోయేదాకా తొట్టిని మంచినీళ్ళతో కడిగి, కొత్త నీళ్ళు నింపి, పాచి రాళ్ళు, బురద వేసింది. చుట్టయ్యను కాపలా పెట్టింది.

ఆ పది రోజులూ గుబురమ్మ పడిన అవస్థ ఇంతా అంతా కాదు. నీళ్ళు మసకబారాయి. గోడలు పచ్చబడ్డాయి. చేతులు ఒకటే దురద! బీరపీచు తీసి దాచేసుకుంది. దాచిన చోటు తనకే తెలుసు కాబట్టి మళ్ళీ తీసింది. ఆ దురద తీర్చుకోవడానికి గుహ బయటి బండలు తోమింది. దారిన పోయే ముళ్ళపందిని ఆపి దాని ముళ్ళు తోమింది. పాపం, ఆ ముళ్ళపంది ఆ తర్వాత వేరే దారిలో వెళ్ళడం మొదలుపెట్టింది.

పక్కచెట్టు మీది కోతి చిటారి తొంగిచూసి కిచకిచలాడింది. "ఏం వదినా! మీ ఇంట్లో కూడా పాచేనా? చూడబోతే మా ఇల్లే నయంలా ఉందే!"

ఇంకోరోజైతే చిటారికి తగిన శాస్తి జరిగేది. ఆ రోజు గుబురమ్మ ముఖం ఎర్రబడింది గానీ, "అది మా పిల్లల అన్నం వదినా. నవ్వుకో" అంది.

పదకొండో రోజుకు మడుగులో నీళ్ళు గుబురమ్మ పాదం మునిగేంతే మిగిలాయి. తొట్టిలో నీళ్ళు తేటపడ్డాయి. అడుగున రాళ్ళు కనిపిస్తున్నాయి. "ఇక తీసుకురా" అన్నాడు చుట్టయ్య. గుబురమ్మ మూడు విడతల్లో అందరినీ తెచ్చి వదిలింది. కదలకుండా కూర్చుని చూసింది. చేపలు అటూ ఇటూ తిరిగాయి. బుడిపి గోడ దగ్గరికి వెళ్ళి పాచిని చటుక్కున కొరికింది. ఆ వెనకే అందరూ కొరికారు. తినేవాళ్ళు తింటుంటే గోడలు వాటంతటవే శుభ్రమయ్యాయి. గుబురమ్మ పడీపడీ నవ్వింది. అడవంతా ఆ తొట్టిని చూడడానికి వచ్చింది, కాళ్ళు కడుక్కుని మరీ.

మృగశిర కార్తె వచ్చింది. వాన పడింది. వాగు గలగలా పారింది. గుబురమ్మ ఇరవైమూడు చేపల్నీ వాగులో వదిలింది. "వెళ్ళొస్తాం పెద్దమ్మా" అన్నారు అందరూ. "వెళ్ళి రండి" అంది గుబురమ్మ.

ఇంటికొచ్చింది. చేపలు లేని తొట్టి బోసిగా ఉంది. వాళ్ళు తినగా మిగిలిన పాచి మాత్రం గోడల మీద అలాగే ఉంది. దిగులుగా ఉన్నప్పుడు గుబురమ్మకు తెలిసిన పని ఒక్కటే. బీరపీచు తీసుకుని తొట్టి మీదికి వంగింది. చెయ్యి ఎత్తింది. మరి ఏమనిపించిందో, ఎత్తిన చెయ్యి అలాగే ఆపి, నీళ్ళలోకి తొంగిచూసి మెల్లగా అడిగింది.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

పాచి సందులోంచి ఆవగింజంత చేపపిల్లలు వందో, నూటయాభయ్యో, ఒక్కసారిగా బయటికొచ్చాయి.

"ఉన్నాం అమ్మమ్మా!"

నీతి: ఎవరికైనా మేలు చేయాలనుకుంటే మనకు నచ్చింది చేసేయకూడదు, ముందు వాళ్ళకేం కావాలో అడగాలి.