మామ పేరు పిలిచే గుట్ట

నల్లమల అంచున కంబళ్లదిన్నె దాటాక రోడ్డు కొంతదూరం వంక పక్కనే సాగి, పిలుపుల మల్లన్న గుట్ట కింద ఆగిపోతుంది. అక్కడినుంచి నడకే. మెట్లు ఈమధ్య కట్టించినవి. పట్టుకోవడానికి ఇనుప కమ్మీలు కూడా పెట్టారు. సగం గుట్ట ఎక్కేసరికి పైనుంచి ఆడగొంతులు వినిపిస్తాయి. "ఈరన్నా!" "సుబ్బరాయుడూ!" "పెద్దిరెడ్డీ!" ఎవరో ముసలివాళ్లు తప్పిపోయారు కాబోలునని కొత్తగా వచ్చినవారు కంగారు పడతారు. కంగారు అక్కరలేదు. పిలిచేది కోడళ్లు. పిలిపించుకునేది ఇంకా మాటలు రాని మగబిడ్డలు. ఆ పేర్లు మాత్రం మామగార్లవి.

పైన పెద్ద గోపురమేమీ లేదు. బండ కింద ఒక గుహ, అందులో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నట్టుండే నల్లరాతి మల్లన్న. స్వామి కుడిచెయ్యి పక్కకు చాచి ఉంటుంది, ఎవరినో కదలనీయకుండా పట్టుకున్నట్టు. ఉలి తగిలిన విగ్రహం కాదని పెద్దలు చెబుతారు. ఆ చెయ్యి ఎవరిని పట్టుకుందో తెలిస్తే ఈ గుట్టకు ఈ పేరెందుకు వచ్చిందో తెలుస్తుంది.

పూర్వం ఇక్కడ గొర్రెల కాపరులే ఉండేవారు. ఎండలు ముదిరితే మగవాళ్లంతా మందలు తోలుకుని అడవి లోపలికి వలస పోయేవారు. వానలు కుదురుకున్నాకనే ఇల్లు చేరేవారు. అలాంటి కాపరి ఇంట్లో సుంకమ్మ అనే పెద్దావిడ ఉండేది. భర్త గిడ్డయ్య కాలం చేశాడు. కొడుకు కంబన్న. కోడలు ఓబుళమ్మ, చక్కగా మాట్లాడే పిల్ల, అత్తను ఆటపట్టించనిదే ఆమెకు పొద్దు గడిచేది కాదు. ఆమెకు మగబిడ్డ పుట్టాడు.

పేర్లలో పాతా కొత్తా ఆ కాలంలోనూ ఉండేవి. తిరునాళ్లలో హరికథ విని వచ్చిన ఓబుళమ్మకు చంద్రశేఖరుడనే పేరు మీద మనసు పడింది. సుంకమ్మ ఒప్పుకోలేదు.

"మీ మామ కలలోకొచ్చినాడు. నా ఇంట్లో నాకు చోటు లేదా అని అడిగినాడు."

"నా కలలోకి రాలేదే అత్తా. కోడలంటే సిగ్గేమో."

ఇంతలో బిడ్డ ఏడుపు అందుకున్నాడు. పాలిచ్చినా ఆపడు, ఎత్తుకున్నా ఆపడు. బిడ్డ అలా గుక్కపట్టి ఏడిస్తే పెద్దల పేరు అడుగుతున్నాడని నమ్మకం. ఊరి మంత్రసానికి ఆ ఇంటితో వరస లేదు కనుక ఆమె పిలవవచ్చు. ఆ వంశంలోని పేర్లన్నీ ఒక్కొక్కటిగా బిడ్డ చెవిలో చెప్పింది. గిడ్డయ్య అనగానే ఏడుపు ఆగింది. చంద్రశేఖరుడు అక్కడితో సరి.

ఓబుళమ్మకు మాత్రం గుండెలో రాయి పడింది. ఆ రోజుల్లో కోడలు మామ పేరు నోటితో అనకూడదు. అంటే భర్తకు, మందకు కీడని భయం. "నా బిడ్డను నేనెట్ల పిలిచేది అత్తా? నోరారా తిట్టుకునేదానికి గూడా కుదరదు గదా" అంది.

"అబ్బోడా అని పిలుచుకో. నేను గూడా అంతే గదా" అంది అత్త.

నిజమే, అది ఆమె భర్త పేరు. పెళ్లినాడు గడపలో ఆడబిడ్డలు అడ్డం నిలబడి చెప్పించినప్పుడు ఒక్కసారి పలికింది, మళ్లీ లేదు. ఆ పేరు ఇంట్లో వినబడాలని పట్టుబట్టి పెట్టించుకుంది. తీరా చూస్తే ఇంట్లో ఉన్న ఇద్దరు ఆడవాళ్లూ దాన్ని పలకకూడనివాళ్లే. కంబన్న వలసనుంచి వచ్చిన నాలుగు రోజులు కొడుకును గిడ్డయ్యా గిడ్డయ్యా అని పిలిచేవాడు. అప్పుడు సుంకమ్మ ఏదో పని పెట్టుకుని అక్కడక్కడే తిరిగేది. అతను మందతో వెళ్లిపోగానే బిడ్డ మళ్లీ ఉత్త అబ్బోడు.

పిల్లవాడు నడక నేర్చి, పరుగు నేర్చాడు. సుంకమ్మ వాడికి ఒక జాగ్రత్త చెప్పింది. అడవిలో దయ్యాలు అమ్మ గొంతుతో పిలుస్తాయి, నాయనా అంటాయి, అబ్బోడా అంటాయి, వాటికి మన పేరు తెలియదు, పేరు పెట్టి పిలవనిదే పలకొద్దు అని. చెప్పేటప్పుడు తన ఇంటి సంగతి ఆమెకు తట్టనే లేదు.

తొలకరి రోజుల్లో ఒకనాడు అత్తాకోడళ్లు పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని ఈ గుట్టకు కట్టెలకు వచ్చారు. కట్టెలు మోపు కట్టేలోగా మబ్బు దిగింది. గుట్టంతా తెల్లగా మూసుకుపోయి, ముందుకు చాచిన తమ చెయ్యే తమకు కనబడడం లేదు. వాన మొదలైంది. చూస్తే పిల్లవాడు లేడు.

"అబ్బోడా! నాయనా! నా బంగారూ!" ఓబుళమ్మ గొంతు పగిలేలా పిలిచింది. బదులు లేదు. కింద వంక పొంగుతున్న చప్పుడు పెద్దదవుతోంది. ఊళ్లోకి పోయి మనిషిని తేవాలన్నా ఆ వంక దాటాలి.

"అత్తా, వాడు పలుకుతా లేడు."

సుంకమ్మకు అప్పుడు తట్టింది. "నేనే చెప్పినా. పేరు పెట్టి పిలవకుంటే పలకొద్దని నేనే చెప్పినా."

"అయితే నువ్వు పిలువత్తా. నీ మొగుని పేరే గదా."

సుంకమ్మ నోరు తెరిచింది. పెదవులు కదిలాయి గాని పేరు రాలేదు. "నాకు రాలేదే తల్లీ. నోరు కట్టేసినట్టుండాది. నువ్వు పిలువు. పాపమొస్తే నాకు రానీ."

ఓబుళమ్మకు భర్త కళ్లముందు మెదిలాడు. ఎక్కడో అడవిలో, ఇదే వానలో, మంద నడుమ కంబళి కప్పుకుని ఉంటాడు. ఈ పిలుపు అతనికి తగిలితే? పిలవకపోతే బిడ్డ? ఆమె గుట్టకు చేతులెత్తి, "మల్లన్నా, తప్పయితే నామీదనే పెట్టు, ఆయన మీద పెట్టొద్దు" అని మొక్కింది. ఆపైన పిలిచింది.

"గిడ్డయ్యా!"

మొదటి పిలుపు వాన చప్పుడులో కలిసిపోయింది. మళ్లీ పిలిచింది. "ఒరేయ్ గిడ్డయ్యా! ఏడ సచ్చినావురా గిడ్డయ్యా!"

"ఓ..." అని గుట్ట పలికింది. చిన్నగొంతు ఒకటి, దానితోపాటు బరువైన గొంతు మరొకటి. అత్తాకోడళ్లు ఇద్దరూ ఆ పలుకు పట్టుకుని బండలమీద పాకుతూ దిగారు. గుహలో పిల్లవాడు ఒళ్లు తడవకుండా కూర్చుని ఉన్నాడు. పక్కన నల్లరాయి, దాని చాచిన చెయ్యి వాడి నడుము చుట్టూ ఉంది. గుహ అంచునే వాననీళ్లు రాళ్లను దొర్లించుకుపోతున్నాయి. ఒక్క అడుగు ముందుకు వేసి ఉంటే పిల్లవాడు దక్కేవాడు కాడు.

"తాత లేయనీలేదు మ్మా. మీ యమ్మ నిన్ను పేరు పెట్టి పిలిచేదాంక కూచోమన్నాడు. నువ్వు పిలిస్తే నాకంటే ముందు తాతే పలికినాడు."

ఓబుళమ్మ వాణ్ణి గుండెకు హత్తుకుని తిట్టింది. ఇన్నాళ్లు దాచుకున్న తిట్లన్నీ, ప్రతి తిట్టుకూ ముందో వెనకో గిడ్డయ్యా అని తగిలించి మరీ తిట్టింది. ఏడుస్తూ నవ్వింది. సుంకమ్మ గుహ గోడకు ఆనుకుని వింటూ కూర్చుంది.

"ఇంకోసారి అనవే" అంది.

"గిడ్డయ్య" అంది కోడలు, ఈసారి మెల్లగా.

సుంకమ్మ కళ్లు తుడుచుకుంది. మనవడి వైపు తిరిగి, "గిడ్డయ్యా" అంది. వాడు "ఓ" అన్నాడు. "అబ్బ, ఎంత సుళువుండాది" అని పెద్దావిడ చిన్నపిల్లలా నవ్వింది.

సంగతి తెలిసి ఊళ్లో గుసగుసలు లేచాయి. మందకు ఏమవుతుందోనని అందరూ దారివైపు చూశారు. కంబన్న క్షేమంగా వచ్చాడు, మంద మొత్తం వచ్చింది, దారిలో పుట్టిన గొర్రెపిల్లలతో కలిసి పెరిగింది కూడా. ఊరు ఊపిరి పీల్చుకుంది. ఆ తెల్లవారుజామున మల్లన్న ఓబుళమ్మ కలలో కనబడి, "నేను కూర్చున్నచోటే ఉంటాను. నా ఎదుట పిలిచిన పేరుకు దోషం లేదు. అది ఏ ఇంటి తాతదైనా నేనే పలుకుతాను" అని చెప్పాడు.

నేటికీ బిడ్డకు తాత పేరు పెట్టదలచినవారు సోమవారం ఇక్కడికి వస్తారు. దారిపొడుగునా కొత్త పేరా పాత పేరా అని వాదులాడుకుంటూ వచ్చేవారికీ కొదవ లేదు. స్వామికి కంబళి కప్పి, బిడ్డను ఆయన చేతికింద పడుకోబెడతారు. కోడలు బయట బండమీద నిలబడి మామగారి పేరు గట్టిగా పిలుస్తుంది. బిడ్డకు ఇంకా పలుకు రాదు కనుక లోపలున్నవారంతా "ఓ" అంటారు. ఇక ఆ ఇంట్లో ఆ పేరుకు అడ్డు లేదు. తల్లి ముద్దుగా పిలుచుకోవచ్చు, కోపంగా పిలుచుకోవచ్చు. ఇక్కడ పేరు పెట్టిన బిడ్డ ఎక్కడున్నా మొదటి పిలుపుకే పలుకుతాడని, దారి తప్పడని విశ్వాసం.

తర్వాత వంతు అత్తగారిది. భర్త పోయిన పెద్దావిడలు చాలామంది ఆ పేరు నోటితో అని ఎరగరు. బిడ్డ మీదికి వంగుతారు, పెదవులు కదుపుతారు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు, మళ్లీ ప్రయత్నిస్తారు. వెనక ఎంత వరస ఉన్నా ఎవరూ తొందరపెట్టరు. అర్చకుడు కర్పూరం పళ్లెంలో పెట్టుకుని, వెలిగించకుండా పక్కనే నిలబడి ఉంటాడు. ఆమె పిలిచాకనే హారతి.