దిష్టిబొమ్మల దండు

ఒక పెద్ద సరస్సు మధ్య తుంగలంక అనే ఊళ్లో, ఎవరి ముందూ తగ్గడం చేతకాని వీరాస్వామి అనే ఊరి పెద్ద ఉండేవాడు. పేకాటలో ఓడితే ముక్కలు చింపేసేవాడు. తమ్ముడు నాగేశు తనకంటే జానెడు పొడుగు. వాడి పక్కన నిలబడాల్సి వస్తే ఏ రాయో చూసుకుని దానిమీదికెక్కి నిలబడేవాడు. ఊరంతా చాటున నవ్వుకునేది. నాగేశు మాత్రం నవ్వేవాడు కాదు. అన్నంటే వాడికి ప్రాణం.

సరస్సు ఒడ్డున పెదగరువు అనే ఊరు ఉండేది. రెండూ చేపలు పట్టుకుని బతికే ఊళ్లే. రెండింటికీ మధ్యన నడిమడుగు ఉండేది. ఎండాకాలంలో సరస్సంతా ఎండి నెర్రెలిచ్చినా, ఆ మడుగులో మాత్రం నీళ్లుండేవి, చేపలుండేవి. మడుగు దక్కిన ఊరు వేసవిలో కడుపునిండా తినేది. దక్కని ఊరు అంచుల్లో బురద కెలుక్కుంటూ ఎలాగో గట్టెక్కేది.

మడుగు ఎవరిదో తేల్చుకోవడానికి తాతల నాటి పద్ధతి ఒకటి ఉంది. వరద తగ్గాక రెండు ఊళ్లవాళ్లూ తమ దోనెలన్నీ వేసుకుని అక్కడికి వచ్చేవాళ్లు. ఎదురెదురుగా బారులు తీరేవాళ్లు. ప్రతి దోనె ముందు భాగాన ఒక మనిషి దోనె నడిపే గెడకర్ర నిలువునా పట్టుకుని, కదలకుండా మెదలకుండా నిలబడేవాడు. వెనకున్నవాళ్లు దోనె అంచులమీద కర్రలతో దబదబా బాదుతూ కేకలు పెట్టేవాళ్లు. పెద్దలు అవతలి బారును చూసేవాళ్లు, అవతలి మోతను వినేవాళ్లు. ఎవరి బలం తక్కువో ఇట్టే తెలిసిపోయేది. తక్కువైనవాళ్లు గెడలు దించి వెనక్కి తిరిగేవాళ్లు. అంతే. ఎవరి ఒంటిమీదా దెబ్బ పడేది కాదు.

ఒక ఏడు వరద తుంగలంకను కోలుకోలేని దెబ్బ కొట్టింది. దోనెలు సగానికి సగం కొట్టుకుపోయాయి. ఆ వెంటనే జ్వరాలొచ్చి మగవాళ్లు మంచం పట్టారు. వీరాస్వామి మేనమామ బసవయ్య అంతకుముందు ఊరి పెద్దగా ఉన్నవాడు. ఆయన వచ్చి, "ఈ ఏడు మడుగు వాళ్లకొదిలేద్దాంరా. ఒక్క ఏడేగా. వచ్చే ఏటికి కోలుకుంటాం" అన్నాడు.

"నేను పెద్దగా ఉండగా తుంగలంక గెడ దించదు మావయ్యా."

"మరి ఏం చూపిస్తావురా వాళ్లకి?"

"దిష్టిబొమ్మల్ని చూపిస్తా" అని నవ్వాడు వీరాస్వామి. "గడ్డిబొమ్మలకి చొక్కాలు తొడిగి, విరిగిన దోనెల్లో కట్టి, తుంగ చాటున నిలబెడతా. ఇనప పీపాలు తెప్పించి ఆడాళ్ల చేత మోగిస్తా. పొద్దుటి మంచులో ఎవడికి తెలుస్తుంది?"

బసవయ్య మేనల్లుణ్ణి దోనె ఎక్కించి, నీళ్లు తేటగా ఉన్న ఒడ్డువారకు తీసుకుపోయాడు. గెడ కొస నీళ్లలో ముంచి, రెండో కొస చెవికి ఆనించుకోమన్నాడు. నీటి అడుగున చేపల అలికిడి వినడానికి ఆ ఊళ్లో అందరూ చేసే పనే అది. కింద ఇసుకలో ఒక మగచేప గూడు చేసుకుని కాపలా కాస్తోంది. ఆ చోటు కోసం ఇంకో మగచేప వచ్చింది. రెండూ ఎదురుబొదురుగా ఆగి రెక్కలన్నీ విప్పాయి.

"ఏం వినపడుతోంది?" అని అడిగాడు బసవయ్య.

"గురగురలాడుతున్నాయి. ఒకటి సన్నగా, ఒకటి బొంగురుగా."

"బొంగురు గొంతు పెద్దదానిది. ఒకదాన్నొకటి కొలుచుకుంటున్నాయిరా. కళ్లతో ఒళ్లు కొలుచుకుంటాయి, చెవులతో గొంతు కొలుచుకుంటాయి. చూడు."

కాసేపటికి, వచ్చిన చేప రెక్కలు ముడుచుకుని పక్కకు జారుకుంది. ఒక్క పొలుసు కూడా రాలలేదు.

"పిరికిపంద" అన్నాడు వీరాస్వామి.

"బతికిపోయింది" అన్నాడు బసవయ్య. "ఒళ్లు పెరిగాక మళ్లీ వస్తుంది. చిన్న ఒంట్లోంచి అంత గొంతు తెప్పించడం దానికి చేతకాదు. అందుకే ఒకదాని మాట ఒకటి నమ్ముతాయి, నెత్తురు చూడకుండా విడిపోతాయి. నీకు దొంగ గొంతు పెట్టడం చేతనవును. ఈ ఏడు పెడతావు సరే, ఆపైన నీ అసలు గొంతు ఎవడు నమ్ముతాడురా?"

"చేపల దగ్గర బుద్ధులు నేర్చుకునే ఖర్మ నాకింకా పట్టలేదు" అని వీరాస్వామి గెడ లాక్కుని దోనె వెనక్కి తిప్పాడు.

అనుకున్నంతా చేశాడు. మడుగు తేల్చుకునే ఉదయం మంచులో, తుంగ చాటున, లెక్కలేనంత మంది బారులు తీరి నిలబడ్డట్టు కనిపించింది. పీపాల మోతకు కొంగలన్నీ లేచిపోయాయి. పెదగరువు పెద్ద తాతారావు కళ్లు చిట్లించి చూశాడు, చెవి ఒగ్గి విన్నాడు. పద్ధతి తెలిసిన మనిషి గనక గెడ దించి, తనవాళ్లను తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ వేసవి మామూలు వేసవి కాదు. అంచుల్లో బురద కూడా ఇటుకలా ఎండిపోయింది. పెదగరువులో పొయ్యిలు ఆరిపోయాయి. ఆకలికి తోడు జ్వరం తగిలి తాతారావు మనవరాలు పోయింది. ఇంకా పలక పట్టని పిల్ల. తుంగలంకలో మాత్రం ప్రతి ఇంటా చేపల పులుసు ఘుమఘుమలాడింది.

గెలిచినవాడు నోరు మూసుకుంటే కొంతలో కొంత మేలు. వీరాస్వామికి ఆ భాగ్యం లేదు. కల్లుపాకలో అందరి ముందూ తొడ కొట్టి, "తాతారావు గడ్డిబొమ్మకి దణ్ణం పెట్టి పోయాడర్రా!" అన్నాడు. ఆ మాట ఆ రోజే సరస్సు దాటింది. విన్న తాతారావు మనవరాలిని పూడ్చిన చోటికి వెళ్లి చాలాసేపు కూర్చున్నాడు.

మళ్లీ వరద వచ్చి తగ్గింది. ఈసారి తుంగలంక నిజంగానే బలంగా ఉంది. కొత్త దోనెలు చేయించుకున్నారు. బంధువులు కొందరు వచ్చి ఊళ్లో స్థిరపడ్డారు. పెదగరువు దోనెలు వాటిలో సగం కూడా లేవు. బొమ్మల అవసరం, పీపాల అవసరం ఏమీ లేకపోయింది. వీరాస్వామి తమ్ముణ్ణి పిలిచి, "అందరికంటే ముందు నువ్వు నిలబడరా. నీ పొడుగు చూసే వాళ్లు హడలిపోవాలి" అన్నాడు. అన్న తన పొడుగును మెచ్చుకోవడం అదే మొదలు. నాగేశు పొంగిపోయాడు.

మంచులో రెండు బారులూ ఎదురుపడ్డాయి. తుంగలంక దోనెలు దద్దరిల్లేలా మోగాయి. ఇంకే ఏడైనా అయితే పెదగరువు అక్కడే గెడలు దించేది. కానీ తాతారావు తనవాళ్లతో, "ఆ మోత పీపాల మోత. ఆ నిలబడ్డవి గడ్డిబొమ్మలు. దోనెలు ముందుకు పోనివ్వండి!" అన్నాడు.

పెదగరువు దోనెలు ఆగలేదు. "ఆగండి! బొమ్మలు కాదు, మనుషులం! నిజంగా మనుషులం!" అని వీరాస్వామి గొంతు చించుకుని అరిచాడు.

"పోయినేడు బొమ్మల్ని కూడా మనుషుల్లాగే నిలబెట్టావుగా!" అన్నారు అవతలినుంచి ఎవరో.

ముందు దోనెలో నాగేశు గెడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. కదలకూడదని పద్ధతి, కదలలేదు. ఎదురుగా దోనె వస్తున్నా, దగ్గరికొచ్చి ఆగుతుందనే అనుకున్నాడు. తాతారావు కొడుకు ఏడుకొండలు, "ఈ బొమ్మని పడగొట్టేస్తే మిగతావి అవే పడతాయి!" అంటూ గెడ రెండు చేతులా తిప్పి తలమీద కొట్టాడు.

గడ్డి చప్పుడు రాలేదు.

నాగేశు నీళ్లలో పడ్డాడు. ఏడుకొండలు చేతిలోంచి గెడ జారిపోయింది. "మనిషి! అయ్యో, మనిషే!" అని వాడు తల బాదుకున్నాడు. ఆ మాట ఎవరూ వినిపించుకోలేదు. తుంగలంకవాళ్లు వెర్రెత్తి మీద పడ్డారు. ఏడుకొండల్ని అక్కడే చంపేశారు. మంచు విడేసరికి మడుగులో రెండు ఊళ్ల శవాలూ కలిసి తేలుతున్నాయి.

పోలీసులు వచ్చారు. రెండు ఊళ్లలోనూ మగవాళ్లు జైలుపాలయ్యారు. ఆ వేసవి నడిమడుగులో వల వేయడానికి ఏ ఊరికీ చేతులు రాలేదు. రెండు ఊళ్లూ ఆకలితో మాడాయి.

చాలా కాలానికి జైలునుంచి వచ్చిన వీరాస్వామి నేరుగా తమ్ముడి భార్య మంగాయమ్మ ఇంటికి వెళ్లి గుమ్మంలో కూలబడ్డాడు. "అరిచానమ్మా. మనుషులమేనని ప్రాణం పోయేలా అరిచాను. ఒక్కడూ నమ్మలేదు" అని ఏడ్చాడు.

మంగాయమ్మ కళ్లలో అప్పటికే నీళ్లు ఇంకిపోయాయి. "ఎలా నమ్ముతారు బావగారూ? గడ్డిని మనుషులని నమ్మించింది మీరేగా. నమ్మినందుకు వాళ్లింట్లో పసిపిల్ల పోయింది. ఇక నమ్మకూడదనుకున్నారు, నా ఇంట్లో ఆయన పోయారు. మీరు మాత్రం ఎవరి ముందూ తగ్గలేదు. ఇక లేవండి" అని తలుపు వేసుకుంది.

పిల్లలూ, లేని బలం చూపించి ఒకసారి గెలిచినవాణ్ణి, ఉన్న బలం చూపించినా ఎవరూ నమ్మరు. మాటతో తేలిపోయే తగువును ప్రాణాలదాకా తెచ్చేది ఆ అబద్ధమే.