గవర్రాజు ఇంటి పాత విమానం

ఆ లంకలో అందరూ పడవలెక్కే జనం. గవర్రాజు ఇంట్లో మాత్రం విమానం ఉంది. నేల మీదా దిగుతుంది, గోదాట్లోనూ దిగుతుంది. "దిగడంలో దానికి వంక పెట్టే మొనగాడు లేడు!" అని మీసం దువ్వేవాడు. అది ఎగరడం మానేసి చాన్నాళ్ళయింది. ఆ మాటెత్తితే మాత్రం మండిపడేవాడు.

కోడలు చిట్టెమ్మకి నెలలు నిండాయి. వరద ముంచుకొచ్చేలోగా టౌను ఆసుపత్రికి చేర్చాలి. కొత్త విమానం కొనాలా, పాతది బాగు చేయించాలా? ఇంటిల్లిపాదీ అరుగెక్కి కూర్చున్నారు. "బుర్రలున్న కొంప కాబట్టి ఆలోచిస్తున్నాం. ఇంకొకళ్ళయితే ఈపాటికి ఏదో ఒకటి చేసేద్దురు," అన్నాడు గవర్రాజు.

మెకానిక్కొచ్చి చూశాడు. "బరువు తగ్గించాలి బాబాయ్. నీళ్ళ మీద తేల్చే అడుగు డొల్లలోకి నీళ్ళొచ్చాయి, అవి బయటికి పోవాలి," అని చెప్పి భోజనానికెళ్ళాడు.

అంతే! అన్నిట్లోకీ బరువైందేదో వెతికారు. ఇంజను! ఊడబీకి గట్టున పడేశారు. "ఇప్పుడు చూడండి, దూదిపింజె!" అని గవర్రాజు పొంగిపోయాడు. కొడుకు సూరన్న బరమా పట్టుకొచ్చి డొల్లకి ఇంకో చిల్లు పొడిచాడు. "నీళ్ళు రావడానికి దారుంది, పోవడానికి వద్దా నాన్నా?"

ఇంకేముంది! విమానం బురదలో కూలబడింది. తిరిగొచ్చిన మెకానిక్కు నెత్తి బాదుకున్నాడు. "కొత్తదే కొనుక్కోండి!" అని పడవెక్కి పారిపోయాడు.

"కొత్తది టౌన్లో ఉందిగా. ఎలా వెళ్తాం?" అంది గవర్రాజు పెళ్ళాం మంగాయమ్మ.

"విమానంలో."

"మనది ఎగరదు కదయ్యా!"

"ఎగిరితే కొత్తదెందుకే, మతిలేనిదానా!"

చిల్లుల్లో గుడ్డలు కుక్కి, తలో తెడ్డూ పట్టి, పాత విమానాన్ని పడవలా నడుపుకుంటూ బయల్దేరారు. నిండు మనిషిని ఒంటరిగా వదలకూడదని చిట్టెమ్మనీ ఎక్కించుకున్నారు.

టౌన్లో కొత్త విమానం కొన్నారు. అమ్మినాయన, "కొత్తది కదండీ, మొదట్లో ఎక్కువ శ్రమ పెట్టకండి," అన్నాడు. సరేనని దాన్ని మోకుతో పాతదాని తోకకి కట్టారు.

రేవు పక్కనే ఆసుపత్రి. గుమ్మంలో నర్సమ్మ చిట్టెమ్మని చూసి, "ఇటు రామ్మా, ఇటు!" అని చేతులూపింది.

గవర్రాజు రొమ్ము విరుచుకున్నాడు. "ఉండమ్మా! ఇక్కడికి రావడానికేగా విమానం కొన్నది! ఇంటికెళ్ళి దర్జాగా అందులో ఎక్కొస్తాం!"

అంతలో చిట్టెమ్మకి నొప్పులు మొదలయ్యాయి. గవర్రాజు గబగబా తెడ్డందుకున్నాడు. చిట్టెమ్మ విమానం రెక్క పట్టుకుని అరిచింది:

"తెడ్లు తొందరగా వెయ్యండి మామయ్యా! ఇంటికెళ్ళి మళ్ళీ ఇంతదూరం రావాలి!"