వచ్చావా నాయనా

అనగా అనగా గోదారి లంకలో ఒక పడవవాళ్ళ ఇల్లుందిట. ఆ ఇంట్లో ఒక గదికి ఎప్పుడూ గొళ్ళెం పెట్టే ఉండేదిట. ఊఁ కొట్టండర్రా, నేను గోడకి చెప్పుకోవడం లేదు.

ఆ ఇంటికి ఏగులమ్మని కోడలొచ్చింది. దీపాలు పెట్టే వేళకి ఆ గదిలోంచి ముసలి గొంతు, వచ్చావా నాయనా, అనేది. ఇంటి మగాడు తలుపు దగ్గరికెళ్ళి, వచ్చానమ్మా, అనేవాడు. గొంతు ఆగిపోయేది. మొగుడి తాత అన్నాడు, తండ్రి అన్నాడు, ఇప్పుడు మొగుడంటున్నాడు. ఎవరావిడ అని అత్తనడిగితే, మనింటి ఆచారం, నోర్మూసుకో అందిట. ఇలా నోరు మూయించే ఆచారాలంటే నాకు ఒళ్ళు మంట.

ఒకనాడు మొగుడి పడవ ఇంకా రాలేదు. గదిలోంచి పిలుపు. వచ్చావా నాయనా. వచ్చావా నాయనా. ఎవరూ పలకరే! ఏగులమ్మ కొడుకు బుల్లియ్య, మీ అంతవాడే, ఆటగా, వచ్చానమ్మా, అనేశాడు. అప్పుడా గొంతు ఎప్పుడూ అనని మాట అంది. అయితే లోపలికి రా, అన్నం కలిపి పెడతాను అంది.

దగ్గరికి జరగండి, నాకూ భయమే.

మర్నాటి నుంచి పిల్లాడు ముద్ద ముట్టడు. అమ్మ పెడుతుందిలే అంటాడు, కన్నతల్లి ఎదురుగా కూచునుంటే! చిక్కి సగమైపోయాడు. పొద్దు వాలితే ఆ తలుపు దగ్గరే.

ఏగులమ్మ అత్త కాళ్ళమీద పడింది. అప్పుడు నోరు విప్పిందావిడ. ఎప్పటిదో అచ్చియ్యమ్మని, ఈ ఇంటి ఇల్లాలేట, కళ్ళు కనబడవు. పెద్దకొడుకు గవర్రాజంటే పిచ్చి. వాడొచ్చానంటే గాని ఆవిడకి ముద్ద దిగేది కాదు. వాడు వరదలో పోయాడు. చెబితే ప్రాణం వదిలేస్తుందని దాచారు. దినం కూడా మేనమామ ఊళ్ళో కానిచ్చేసి, చిన్నకొడుకే అన్నగారి గొంతుతో రోజూ పలికాడు. ఆవిడ పోయింది, పిలుపు పోలేదు.

నిద్రపోయారా, వింటున్నారా?

ఆ సాయంత్రమే బుల్లియ్య గొళ్ళెం తీసేశాడు. లోపల గిన్నె చప్పుడు, అన్నం కలుపుతున్నట్టు. ఏగులమ్మ పరుగెత్తుకొచ్చి పిల్లాణ్ణి వాటేసుకుని, గదివైపు తిరిగి అంది:

"అమ్మా, గవర్రాజు రాలేదు, ఇక రాడు. వరదలో పోయాడు. నీకు చెప్పకుండా మావాళ్ళే దాచారు. వీడు నా కొడుకు."

గిన్నె చప్పుడు ఆగింది. తరవాత ఏడుపు, ఇల్లు కదిలిపోయే ఏడుపు. ఏగులమ్మ పారిపోలేదర్రా. గుమ్మం ఇవతల కూలబడి, గవర్రాజా అని పేరుపెట్టి తనూ ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి లోపలి గొంతు సన్నబడి, ఆగిపోయింది. మళ్ళీ ఏనాడూ పిలవలేదు.

బుల్లియ్య తల్లి కొంగు లాగి, ఆకలేస్తోందమ్మా అన్నాడు. ఏగులమ్మ ఏడుస్తూనే అన్నం పెట్టింది. అందరూ సుఖంగా ఉన్నారు.

ఏడవాల్సినవాళ్ళని ఏడవనివ్వాలర్రా, అంతే. కథ కంచి దారి పట్టింది, మీరు కళ్ళు మూసుకోండి.